గాడిద మాంసం అడిగిన పెద్దమనిషికి ఒక కాంపౌండరు జవాబు

నేను మాంసం తింటాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే నాలుగో పేరా దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "కోడిని కోసినప్పుడు లేని జాలి గాడిదను కోస్తే ఎందుకండీ?" అని అడుగుతారు. ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని మటన్ కొట్టు ముందు నిలబడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కొవ్వు ఎక్కువ వేశాడని కొట్టువాడితో తగవు పెట్టుకునే రకాన్ని.

పశువైద్యశాలలో కాంపౌండరుగా గుంటూరు జిల్లాలో ఊరూరూ తిరిగి, రిటైరయ్యాక గుంటూరులోనే స్థిరపడ్డాను. పల్లెల్లో నన్ను డాక్టరు గారనే పిలిచేవారు. కాదయ్యా, కాంపౌండరునని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. ఆ పిలుపు నాతోపాటు పట్నానికీ వచ్చింది. అందుకే బృందావన్ గార్డెన్స్‌లో స్టేడియం చుట్టూ నడిచేటప్పుడు ఎవరికి ఏ నొప్పి వచ్చినా, మనిషికైనా కుక్కకైనా, నన్నే అడుగుతారు.

మొన్న అలాగే ఒక పెద్దమనిషి అడిగాడు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. కొడుకు విదేశాల్లో ఉంటాడు. చలికాలం వస్తే ఆయనకు ఉబ్బసం. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "కాంపౌండరు గారూ, ఆ మాంసం ఆయాసానికి మంచిదంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు తెప్పిస్తామన్నారు. కిలో ఆరు వందలట" అన్నాడు.

"ఏ మాంసమండీ?"

"అదే... గాడిదది."

"వద్దండీ, పనికిరాదు" అన్నాను. ఆయనకు ఆ జవాబు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఒక మందు పనికిరాదని చెప్పి, బదులుగా మరో మందు చెప్పకపోతే మనవాళ్లు నమ్మరు. కాబట్టి నడకలో చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఒక్కడి కోసమే కాదు. ఈ మాంసం కొనేవాళ్లంటే చదువూ సంధ్యా లేనివాళ్లని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసి అడిగినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, కార్లున్నవాళ్లే.

ముందు ఆయాసం సంగతి. ఉబ్బసం, నడుం నొప్పి, మగతనం: ఈ మూడింటి పేరు చెప్పే గుంటూరు, కృష్ణా, ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం అమ్ముతున్నారని 2021లో పత్రికలన్నీ రాశాయి. రక్తం తాగి పరుగెత్తితే ఒంటికి పడుతుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. కడుపులోకి వెళ్లాక మాంసం ఏ జంతువుదని కడుపు అడగదు. మాంసకృత్తులను విడగొట్టి వాడుకుంటుంది, అంతే. మేక మాంసం తగ్గించలేని ఆయాసాన్ని గాడిద మాంసం తగ్గించలేదు. మగతనం గురించి అడిగేవాళ్లకు ఒకటే చెప్తాను. షుగరు పరీక్ష చేయించుకోండి, సిగరెట్టు మానండి.

ఉపయోగం లేకపోతే పోనీ, హాని లేదా అంటే, ఉంది. గుర్రాలకు, గాడిదలకు గ్లాండర్స్ అనే జబ్బు వస్తుంది. ముక్కు నుంచి చీము కారుతుంది, ఒంటి మీద గడ్డలు లేచి పగులుతాయి. ఇది మనుషులకూ అంటుతుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. రక్తం నమూనాను హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి, జబ్బు ఉందని తేలితే ఆ జంతువును చంపి లోతుగా పాతిపెట్టాలి. తాకడానికే చేతికి తొడుగు వేసుకోవలసిన జంతువును, ఏ పరీక్షా లేకుండా రోడ్డు పక్కన కోసి ఇస్తే సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాం. రెండో సంగతి, కుంటుతున్న గుర్రానికి, గాడిదకు ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు ఇస్తారు. నేనే ఎన్నోసార్లు సూది వేశాను. ఆ మందు పడిన జంతువును మనిషి తినకూడదు. ఎముకల మూలుగలో రక్తం తయారయ్యే పనినే అది దెబ్బతీయగలదు. కొనేటప్పుడు ఆ గాడిద నిరుడు ఏ మందు తీసుకుందో మీకు ఎవరు చెప్తారు?

ఇక చట్టం. గాడిద మాంసం అమ్మకాన్ని చట్టం ఒప్పుకోదని చాలామందికి తెలియదు. ఆహార భద్రత నిబంధనలు 2011లో వచ్చాయి. ఏ జంతువుల మాంసం అమ్మవచ్చో వాటిలో ఉంది: గొర్రె, మేక, పంది, పశుజాతి, కోళ్లు, చేపలు, అలాంటివి. గాడిద లేదు, గుర్రమూ లేదు. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం పట్టణంలో లైసెన్సు ఉన్న కబేళాలో తప్ప మరోచోట కోయకూడదు. కోసే ముందు పశువైద్యుడు చూడాలి. ఆయన గంటకు పన్నెండు జంతువులకు మించి చూడకూడదు. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. ఒకదాన్ని కోస్తుంటే మరొకటి చూడకూడదు. ఈ చివరి నిబంధన రాసినవాళ్లెవరో గానీ వాళ్లకు నా నమస్కారం. గాడిద విషయంలో వీటిలో ఏ ఒక్కటీ జరగదు. జరిగే వీలే లేదు, ఎందుకంటే గాడిదకు లైసెన్సు ఉన్న కబేళా ఎక్కడా ఉండదు.

మరి శిక్ష? జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది. క్రూరంగా చూసినందుకు మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. అవును, యాభై. ఈ రోజు గుంటూరులో యాభై రూపాయలకు ఇద్దరు కడుపునిండా టిఫిను తినలేరు. జంతువును చంపిన నేరానికి ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే ఆ సెక్షన్ పెట్టాలంటే కేసు రాసేవారికి ఓపిక ఉండాలి.

ఓపిక ఉన్నవాళ్లు ఉన్నారు. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు, జంతు సంరక్షణ సంస్థలవాళ్లు కలిసి దాడులు చేసి 400 కిలోలకు పైగా గాడిద మాంసం పట్టుకున్నారు. కాకినాడలో మూగజీవాల కోసం పనిచేసే సంస్థ ఒకటి ఈ విషయం మీద అప్పటికే గట్టిగా పోరాడుతోంది. దాడి జరిగినప్పుడు పేపర్లో ఫోటో వస్తుంది, కొన్నాళ్లు కొట్లు మూతపడతాయి. ఆ తర్వాత ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి చిలకలూరిపేట దాటాక హైవే మీద ఒక వ్యానును ఆపారు. లోపల గాడిదలు. పరీక్షించడానికి డాక్టరు గారితో నేనూ వెళ్లాను. టార్పాలిన్ తీయగానే వచ్చిన వాసన చెప్పను. వాటి మెడను ముందు కాలికి తాడుతో బిగించి కట్టారు, తల ఎత్తకుండా. రాత్రంతా ప్రయాణం, నీళ్లు లేవు. ఒకదాని వెనక కాలు విరిగి ఎముక బయటికి వచ్చింది. అయినా అది నిలబడే ఉంది. గాడిద నొప్పిని బయటపెట్టదు. కుక్కలా అరవదు, గుర్రంలా తన్నుకోదు. చెవులు వెనక్కి వాల్చి, కదలకుండా నిలబడిపోతుంది. చూసేవాళ్లు దానికేమీ కాలేదనుకుంటారు. మొండిదనే పేరు దానికి ఇందువల్లే వచ్చిందని నా అనుమానం. వాటిలో ఒకటి పిల్లతల్లి. పాలపొదుగు బిగిసి రాయిలా ఉంది. పిల్ల మాత్రం వ్యానులో లేదు.

డ్రైవరును స్టేషనుకు తీసుకెళ్లారు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఈ గాడిదలను ఎక్కడ ఉంచాలి? గోశాలలకు ఫోన్ చేశాం. గోవులైతే తెమ్మన్నారు, గాడిదలా అని నవ్వారు. చివరికి ఒక ఖాళీ మిల్లు ఆవరణలో కట్టేశారు. కాలు విరిగినదానికి డాక్టరు గారు నొప్పి లేకుండా ప్రాణం తీసే మందు ఇచ్చారు. దానితో జంటగా తిరిగిన మరొకటి ఆ రోజు నుంచి మేత ముట్టలేదు. గాడిదలు జతగా బతుకుతాయి. జత పోతే తినడం మానేస్తాయి. తినడం మానేస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి చేరి రక్తం పాలలా తెల్లబడుతుంది. కాలేయం దెబ్బతిని చచ్చిపోతాయి. బెంగతో పోయిందని పల్లెల్లో అంటారు, మా వైద్యంలో దానికి పేరూ ఉంది, పరీక్షా ఉంది. ఆ గాడిదా అలాగే పోయింది. మిగిలినవాటికి నేనే యజమానినంటూ కొద్ది రోజులకు ఎవరో కాగితాలు పట్టుకుని వచ్చి తోలుకుపోయారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఇన్ని గాడిదలు ఎక్కడి నుంచి వస్తాయని మీకు అనిపించవచ్చు. మన దగ్గర పెద్దగా మిగల్లేదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గాడిదలు 3 లక్షల 20 వేలు. 2019లో 1 లక్షా 20 వేలు. ఏడేళ్లలో నూటికి అరవైకి పైగా తగ్గిపోయాయి. మన రాష్ట్రంలో సగానికి సగం పోయాయి. ఈ తగ్గుదలంతా కత్తి వల్లే అనను. ఆటోలు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, ఇంటింటికీ వాషింగ్ మెషీన్లు వచ్చాయి. పని పోయిన జంతువును ఎవరు మేపుతారు? కానీ చచ్చిపోయేదాకా ఊరి బయట తిరుగుతూ బతికే జంతువుకు పదిహేను, ఇరవై వేల ధర పలకడం మొదలయ్యాక లెక్క మారిపోయింది. రాజస్థాన్, మహారాష్ట్ర, కర్ణాటక వైపు నుంచి కూడా తోలుకొస్తున్నారు. మేకలా పెంచి తీర్చుకునే అవసరం కాదిది. గాడిద చూలు ఏడాది మోస్తుంది, ఈతకు ఒక్కటే పిల్ల. ఆ పిల్ల ఎదగడానికి మూడేళ్లు. కోయడం మొదలుపెడితే తరుగే తప్ప పెరుగు ఉండదు.

సీతానగరం దగ్గర కృష్ణ ఒడ్డున బట్టలు ఉతికే ఒక పెద్దాయన నాకు చాలాకాలంగా తెలుసు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని సామెత చెప్తారు గదా. నేను ఉద్యోగం కోసం పట్టుకున్నాను. పెరిగిన డెక్కలు చెక్కడానికి ఆయన గాడిదల కాళ్లు పట్టుకోవడం నాకు అలవాటు. ఆయన తన గాడిదల్లో ఒకదాన్ని అమ్మేశాడని విని వెళ్లి కోప్పడ్డాను.

"ఎవరికి అమ్మావు, కోసేవాళ్లకేనా?"

"మేపుకుంటానన్నాడు బాబూ."

"నమ్మావా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మనవరాలికి కాలేజీ ఫీజు కట్టాలి బాబూ. మీ ఆసుపత్రిలో గేదెకు బీమా ఉంది, గొర్రెకు మందుంది. గాడిదను తోలుకొస్తే గేటు దగ్గరే నవ్వుతారు. దానికి ఎవరున్నారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం ఆయన మీద నుంచి ఆరు వందలు పెట్టి కొనే మా స్టేడియం పెద్దమనిషి మీదికి మళ్లింది.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. గుర్రాల విషయంలో అమెరికావాళ్లు పడిన తంటా చదివితే మన దారి కొంత తెలుస్తుంది. 1950లో నెవాడా రాష్ట్రంలోని రీనోలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ కారులో ఆఫీసుకు వెళ్తుంటే ముందు పోతున్న ట్రక్కులోంచి రక్తం కారుతూ కనిపించింది. వెంబడించి చూస్తే లోపల కబేళాకు తీసుకెళ్తున్న అడవి గుర్రాలు. ఆవిడ నాయకురాలు కాదు, ఆఫీసులో సెక్రటరీ. చిన్నప్పుడు పోలియో వచ్చి ముఖం వంకరపోయిన మనిషి. బడిపిల్లల చేత చట్టసభకు ఉత్తరాలు రాయించింది. అడవి గుర్రాలను విమానాలతో, మోటారు బండ్లతో తరిమి పట్టడాన్ని నిషేధిస్తూ 1959లో చట్టం వచ్చింది. అడవి గుర్రాలతోపాటు అడవి గాడిదలనూ కాపాడే చట్టం 1971లో వచ్చింది. గాడిదలను కూడా చేర్చారు చూశారా, అది నాకు నచ్చింది.

అంతటితో కోత ఆగలేదు. పెంపుడు గుర్రాల కబేళాలు నడుస్తూనే ఉన్నాయి. 1986లో అక్కడి పెద్ద పందెం కెంటకీ డెర్బీ గెలిచిన ఫెర్డినాండ్ అనే గుర్రం జపానుకు అమ్ముడుపోయి, 2002లో అక్కడ కబేళా పాలైందని తెలిసి జనం గోల చేశారు. ఆ తర్వాత వాళ్లు పట్టుకున్న దారి చాలా చప్పనిది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు చూడకుండా మాంసం అమ్మకూడదన్న నియమం ఎలాగూ ఉంది. గుర్రాల తనిఖీకి బడ్జెటులో డబ్బు ఇవ్వకుండా ఆపేశారు. రాష్ట్రాల చట్టాలు కూడా కలిసొచ్చి టెక్సస్‌లో రెండు, ఇల్లినాయ్‌లో ఒకటి, మొత్తం చివరి మూడు కబేళాలూ 2007లో మూతపడ్డాయి. నినాదాలకు పడని తాళం ఒక ఖర్చు పద్దుకు పడింది. అయితే సరిహద్దు మూయలేదు. గుర్రాలను లారీల్లో మెక్సికోకు, కెనడాకు ఇంకా ఎక్కువగా తోలసాగారు. కోత ఊరు మారింది, ప్రయాణం పెరిగింది. ఆ ఎగుమతిని ఆపే చట్టం కోసం వాళ్లు ఇంకా కొట్లాడుతూనే ఉన్నారు.

ఈ పాఠం ఆఫ్రికావాళ్లు బాగా నేర్చుకున్నారు. చైనాలో ఎజియావో అనే మందు తయారీకి గాడిద తోలు ఉడికించి జిగురు తీస్తారు. దాని కోసం ఏటా 59 లక్షల గాడిదలు చస్తున్నాయని ఇంగ్లండులోని డాంకీ శాంక్చురీ సంస్థ అంచనా. ఒక్కో దేశం విడిగా నిషేధిస్తే వ్యాపారి పక్క దేశానికి పోతున్నాడు. అందుకని 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ దేశాలన్నీ కలిసి, తోలు కోసం గాడిదలను చంపడం మీద పదిహేనేళ్ల నిషేధానికి ఒప్పుకున్నాయి. నీళ్లూ కట్టెలూ మోసే గాడిద పోతే ఆ బరువు ఆడవాళ్ల నెత్తికి ఎక్కుతుందని వాళ్లకు తెలుసు. మన దేశం నుంచీ తోళ్లు దొంగదారిన పోతున్నాయని బ్రూక్ ఇండియా సంస్థ 2022లో విచారించి చెప్పింది.

మనకు కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నవాటికి చప్పని తాళాలు కావాలి. పట్టుకున్న గాడిదలను ఉంచడానికి జిల్లాకు ఒక షెడ్డు, నాలుగు తొట్లు. కాగితాలు తెచ్చినవాడికి అప్పగించేటప్పుడు నెలనెలా చూపించాలని ఒక షరతు. పశువైద్య శిబిరంలో గేదెల వరుస పక్కన గాడిదకు ఒక వరుస: నులిపురుగుల మందు, ధనుర్వాతం సూది, డెక్కల పని. వీటికి కోట్లు అక్కర్లేదు. శిబిరాల్లో గాడిదలను చేర్చమని నేను అర్జీ రాసి ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా "మనుషులకే దిక్కు లేదు సార్" అన్నాడు. అయినా రసీదు ఇచ్చాడు. దాన్ని పట్టుకుని మళ్లీ వెళ్తాను. రిటైరైనవాడికి ఉన్న ఆస్తి తీరికే.

సీతానగరం పెద్దాయన దగ్గర ఇప్పుడు ఒక ఆడ గాడిద మిగిలింది. దాని పాలు చిన్న గిన్నెతో కొలిచి విజయవాడ వన్‌టౌన్ వీధుల్లో అమ్ముతున్నాడు. పుట్టిన బిడ్డకు గాడిద పాలు పడితే గొంతు బాగుంటుందని మనవాళ్ల నమ్మకం. కాచని పాలు పసిగుడ్డుకు పట్టవద్దని నేను, పట్టకపోతే నా గాడిద ఎలా బతుకుతుందని ఆయన. ఈ తగవు తెగలేదు. పెద్ద పిల్లలకు కాచి పట్టమని చెప్పి అమ్మమన్నాను. వింటాడో లేదో తెలియదు.

స్టేడియం పెద్దమనిషికి మాత్రం ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లి ఇన్‌హేలరు రాయించుకోమని చెప్పాను. అమ్మేవాళ్ల ఫోను నంబరు నాకు ఇవ్వమన్నాను. "మనకెందుకులెండి" అన్నాడు. రేపు మళ్లీ అడుగుతాను. మీలో ఎవరికైనా అలాంటి కొట్టు కనిపిస్తే అక్కడ నిలబడి వీడియో తీసి దెబ్బలాడవద్దు. చోటు, వేళ, బండి నంబరు రాసుకుని 112కి ఫోన్ చేయండి, ఆహార భద్రత అధికారికి కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి చుట్టుపక్కల ఎవరి గాడిదకైనా డెక్కలు పెరిగి కుంటుతుంటే నాకు కబురు చేయండి. డబ్బులు అక్కర్లేదు. డెక్కలు చెక్కే కత్తి నిన్ననే నూరించాను.